ముందు కాగితం మీద కొయ్యండి, తర్వాత ట్యూబులో

కాకతీయ యూనివర్సిటీలో గానీ, హనుమకొండ, కరీంనగర్ పీజీ కాలేజీల్లో గానీ బయోటెక్నాలజీ, బోటనీ, జువాలజీ చదివేవాళ్లకు రెస్ట్రిక్షన్ ఎంజైములు, సదరన్ బ్లాట్, జీన్ మ్యాపింగ్ మూడు వేర్వేరు ప్రశ్నలుగా కనబడతాయి. ఒక్కోదానికి నాలుగు పేజీలు రాసి బయటపడొచ్చు. ప్రాజెక్టులో చేయాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది, ఇది మొత్తం ఒకే పని అని. రెస్ట్రిక్షన్ ఎంజైములతో డీఎన్ఏను తెలిసిన చోట కోస్తాం, ముక్కలను జెల్‌లో కరెంటు పెట్టి పొడవును బట్టి విడదీస్తాం, వాటిలో మనకు కావాల్సింది ఎక్కడుందో సదరన్ బ్లాట్‌తో పట్టుకుంటాం, ఆ పొడవులతో మ్యాప్ గీస్తాం.

ఈ పనిలో చాలామంది వదిలేసే మెట్టు మొదటిదే. ఏ ఎంజైమ్ వేస్తే ఎన్ని ముక్కలు రావాలి, ఏ పొడవులో రావాలి అన్నది ట్యూబు ముట్టుకోకముందే రికార్డులో రాసి పెట్టుకోండి. జెల్ వచ్చాక లెక్క వేస్తే, కనబడ్డ ప్రతి బ్యాండ్‌కూ (ఒకే పొడవు ముక్కలు ఒకచోట చేరి గీతలా కనిపించేది) ఏదో ఒక కారణం దొరికిపోతుంది. ముందే రాసుకుంటే తప్పు ఎక్కడుందో జెల్లే చెబుతుంది.

కాగితం మీద లెక్క

ఈకో ఆర్ వన్ అనే ఎంజైమ్ జీ-ఏ-ఏ-టీ-టీ-సీ అనే ఆరక్షరాల వరసను గుర్తుపట్టి, జీకి, మొదటి ఏకి మధ్య కోస్తుంది. బ్యామ్ హెచ్ వన్‌కు జీ-జీ-ఏ-టీ-సీ-సీ కావాలి, హిండ్ త్రీకి ఏ-ఏ-జీ-సీ-టీ-టీ కావాలి. డీఎన్ఏలోని నాలుగు అక్షరాలూ (ఏ, టీ, జీ, సీ) సమానంగా, ఏ వరసా లేకుండా పరుచుకుని ఉన్నాయనుకుంటే ఆరక్షరాల చోటు సగటున 4,096 అక్షరాల జతలకు (బేస్ పెయిర్లకు) ఒకసారి వస్తుంది. నాలుగక్షరాల ఎంజైమ్ 256 జతలకు ఒకసారి, నాట్ వన్ లాంటి ఎనిమిదక్షరాల ఎంజైమ్ 65,536 జతలకు ఒకసారి కోస్తుంది. నిజం డీఎన్ఏ ఈ సగటును పాటించదు. అయినా ఏ ఎంజైమ్ తీసుకోవాలో తేల్చుకోవడానికి ఈ లెక్క చాలు.

వరస తెలిసిన డీఎన్ఏతో మొదలుపెట్టండి. బ్యాక్టీరియాకు సోకే వైరస్ ల్యాంబ్డా ఫేజ్ డీఎన్ఏ పొడవు 48,502 జతలు. దాన్ని ఈకో ఆర్ వన్ ఐదు చోట్ల కోస్తుంది కాబట్టి ఆరు ముక్కలు రావాలి: 21,226, 7,421, 5,804, 5,643, 4,878, 3,530. ఇవి కూడి చూడండి, 48,502 వస్తుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. 5,804, 5,643 పొడవులవి మామూలు జెల్‌లో దాదాపు ఒకే చోట ఆగుతాయి, కంటికి ఐదు బ్యాండ్లే కనిపించవచ్చు. అలా కలిసిన బ్యాండ్ చుట్టుపక్కల వాటికన్నా మందంగా, మెరుస్తూ ఉంటుంది. ఎందుకంటే బ్యాండ్ వెలుగు అందులో ఉన్న డీఎన్ఏ బరువును బట్టి ఉంటుంది. హిండ్ త్రీతో ఎనిమిది ముక్కలు వస్తాయి. వాటిలో చివరిది 125 జతలే, అది మీ జెల్‌లో కనబడదు. కనబడలేదని టెన్షన్ పడకండి, కనబడదని ముందే రాసి పెట్టుకోండి.

డైజెస్ట్ పెట్టడం

డైజెస్ట్ అంటే ఎంజైమ్‌తో కోత. ఇరవై మైక్రోలీటర్ల రియాక్షన్ చాలు. నీళ్లు ముందు వేయండి, తర్వాత పదిరెట్ల బఫర్ 2 మైక్రోలీటర్లు, తర్వాత 1 మైక్రోగ్రామ్ డీఎన్ఏ, అన్నిటికన్నా చివర ఎంజైమ్ 1 మైక్రోలీటర్. వేలితో మెల్లగా తట్టి కలపండి, ఒక్కసారి స్పిన్ చేసి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచండి. వోర్టెక్స్ చేయకండి. ఎంజైమ్ 50 శాతం గ్లిజరాల్‌లో వస్తుంది, బరువుగా ఉండి ట్యూబు అడుగుకు దిగిపోతుంది. కలపకుండా వదిలేస్తే కోత సగమే అవుతుంది.

కోత సరిగా కాలేదని ఎంజైమ్‌ను నాలుగు మైక్రోలీటర్లకు పెంచేవాళ్లున్నారు. అలా చేయొద్దు. ఎంజైమ్ మొత్తం రియాక్షన్‌లో పదో వంతు దాటకూడదు. గ్లిజరాల్ ఐదు శాతం దాటితే కొన్ని ఎంజైములు తమ వరసకు దగ్గరగా ఉన్న వేరే చోట్ల కూడా కోయడం మొదలుపెడతాయి, దీన్నే స్టార్ యాక్టివిటీ అంటారు. లెక్కలో లేని బ్యాండ్లు వస్తాయి. ఎంజైమ్ ఎక్కువ కావాలంటే రియాక్షన్‌నే 50 మైక్రోలీటర్లకు పెంచండి.

ఇక మన ఊరి సంగతి. ఎంజైములు మైనస్ 20లో ఉండాలి. ఇంట్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పెట్టకండి. మంచు కరిగించుకోవడానికి అది తనంతట తానే మధ్యమధ్యలో వేడెక్కుతుంది. హైదరాబాద్ నుంచి పార్సిల్ వస్తుంటే సోమవారమో మంగళవారమో పంపమని అడగండి. శుక్రవారం బయలుదేరిన డబ్బా ఆదివారం అంతా ఏ గోడౌన్‌లో ఎండలో కూర్చుంటుందో ఎవరికి తెలుసు? ఫ్రీజర్‌లో ఎంజైమ్ డబ్బా చుట్టూ జెల్ ప్యాకులు పేర్చి ఉంచితే కరెంటు పోయినా కొన్ని గంటలు నెట్టుకొస్తుంది. ప్రోటోకాల్‌లో రూమ్ టెంపరేచర్ అని రాసి ఉంటే అది 20, 25 డిగ్రీల మాట. మే నెలలో వరంగల్‌లో ఏసీ లేని గది దాన్ని ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఎస్‌ఎంఏ వన్ అనే ఎంజైమ్ పనిచేసేదే 25 డిగ్రీల దగ్గర, దానికి వాటర్ బాత్ కాదు, ఏసీ గది కావాలి.

గంట అయ్యాక ఈకో ఆర్ వన్‌ను 65 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి ఆపేయొచ్చు. హిండ్ త్రీకి 80 డిగ్రీలు కావాలి. బ్యామ్ హెచ్ వన్ వేడికి లొంగదు. తర్వాతి పని ఉంటే డీఎన్ఏను శుద్ధి చేసుకోవాలి, జెల్‌కే వేస్తుంటే ఎంజైమ్‌ను ఆపడానికి లోడింగ్ డైలో ఉండే ఈడీటీఏ చాలు.

జెల్ నుంచి పొడవులు

0.8 శాతం అగరోజ్ జెల్ ఒక కిలోబేస్ (వెయ్యి జతలు) నుంచి పది కిలోబేసుల దాకా బాగానే విడదీస్తుంది. ఎలక్ట్రోడ్ల మధ్య దూరాన్ని సెంటీమీటర్లలో కొలిచి, సెంటీమీటర్‌కు 5 వోల్టులు మించకుండా పెట్టండి. ఎండాకాలం ఇంకా తగ్గించండి. జెల్ వేడెక్కితే మధ్య లేన్లు ముందుకు పరిగెత్తి బ్యాండ్లు వంకర తిరుగుతాయి, ఆ జెల్ మీద కొలిచిన పొడవులు నమ్మలేం. ఎథీడియం బ్రోమైడ్ వాడితే నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. అదే గ్లౌజులతో తలుపు గొళ్లెం, ఫోన్ ముట్టుకోవద్దు. పక్కవాళ్లు వట్టి చేతులతో ముట్టుకునేది ఆ గొళ్లేన్నే.

ల్యాంబ్డా డీఎన్ఏ వేసేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త ఉంది. దాని రెండు చివరలూ 12 అక్షరాల ఒంటిపోగులతో ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుకే లోడ్ చేసే ముందు 65 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసులో పెట్టండి. లేకపోతే హిండ్ త్రీ లాడర్‌లో (పొడవులు ముందే తెలిసిన, కొలతకు వాడే ల్యాంబ్డా ముక్కల్లో) 4,361 బ్యాండ్ పలచబడి, దాని బదులు పైన ఎక్కడో కొత్తది కనిపిస్తుంది.

పొడవు కనుక్కోవడానికి సెమీ-లాగ్ గ్రాఫ్ పేపర్ తీసుకోండి. లాడర్‌లోని ప్రతి బ్యాండ్ వెల్ (డీఎన్ఏ వేసే గుంట) నుంచి ఎంత దూరం వెళ్లిందో మిల్లీమీటర్లలో కొలిచి అడ్డంగా, పొడవును లాగ్ వైపు నిలువుగా గుర్తు పెట్టండి. మధ్యలో గీత దాదాపు తిన్నగా వస్తుంది, పైన పెద్ద ముక్కల దగ్గర వంగుతుంది. ఆ వంగిన చోట చదివిన అంకెకు పెద్దగా విలువ లేదు. సాఫ్ట్‌వేర్ కూడా ఇదే పని చేస్తుంది. కానీ మొదటిసారి చేత్తో గీసినవాళ్లకే 20 కిలోబేసుల బ్యాండ్‌ను ఎందుకు నమ్మకూడదో అర్థమవుతుంది.

మ్యాప్ గీయడం

దీనికి పీబీఆర్ 322 అనే పాత ప్లాస్మిడ్‌ను మించింది లేదు. అది బ్యాక్టీరియాలో క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే 4,361 జతల గుండ్రటి డీఎన్ఏ. ఈకో ఆర్ వన్, బ్యామ్ హెచ్ వన్, పీఎస్‌టీ వన్ మూడూ దాన్ని ఒక్కొక్క చోటే కోస్తాయి. మ్యాప్ తెలియదనుకుని మొదలుపెట్టండి.

కోయని ప్లాస్మిడ్ ఒక లేన్‌లో తప్పకుండా వేయాలి. అందులో మెలితిరిగిన రూపం ముందుకు పోతుంది, తెగి వదులైన గుండ్రటి రూపం వెనక ఉంటుంది, అంటే ఒకే ప్లాస్మిడ్ రెండు బ్యాండ్లుగా కనిపిస్తుంది. ఒక్కో ఎంజైమ్‌తో విడిగా కోస్తే ప్రతి లేన్‌లో ఒకే బ్యాండ్, 4.36 కిలోబేసుల దగ్గర. ఇక్కడే జూనియర్లు పరిగెత్తుకొస్తారు, "అక్కా, ఒకటే బ్యాండ్ వచ్చింది, ఎంజైమ్ చచ్చిపోయినట్టుంది" అని. గుండ్రటిదాన్ని ఒక్క చోట కోస్తే తెరుచుకుని ఒక్క పొడవాటి ముక్కే అవుతుంది, రెండు చోట్ల కోస్తేనే రెండు ముక్కలు. కోయని లేన్‌తో పోల్చి చూస్తే ఎంజైమ్ పనిచేసిందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు జంటగా కోయండి. ఈకో ఆర్ వన్, బ్యామ్ హెచ్ వన్ కలిపితే దాదాపు 0.38, 3.98 కిలోబేసుల ముక్కలు వస్తాయి. ఈకో ఆర్ వన్, పీఎస్‌టీ వన్ కలిపితే 0.75, 3.61. బ్యామ్ హెచ్ వన్, పీఎస్‌టీ వన్ కలిపితే 1.13, 3.23. ప్రతి లేన్ మొత్తం 4.36 రావాలి, ముందు అది సరిచూసుకోండి. తర్వాత చిన్న ముక్కల వైపు చూడండి. 0.38, 0.75 కూడితే 1.13. అంటే బ్యామ్ నుంచి పీఎస్‌టీ దాకా ఉన్న దూరం, ఈకో నుంచి ఆ రెండింటికీ ఉన్న దూరాల మొత్తం. ఈకో ఆ రెంటి మధ్యనే ఉండాలి, ఇంకో దారి లేదు. పీఎస్‌టీ, ఈకో, బ్యామ్ అన్నది వరస. ఒకవేళ బ్యామ్–పీఎస్‌టీ ముక్క 0.37 వచ్చి ఉంటే, ఆ రెండు చోట్లూ ఈకోకు ఒకే పక్కన ఉన్నట్టు. మూడు ఎంజైములూ కలిపి కోసి 0.38, 0.75, 3.23 వచ్చాయా అని చూస్తే మ్యాప్ ఖాయమైనట్టే.

లేన్ మొత్తం అసలు పొడవు కన్నా తక్కువ వస్తే రెండు ముక్కలు ఒకే బ్యాండ్‌లో దాక్కున్నాయి, లేదా చిన్న ముక్క జెల్ దాటి వెళ్లిపోయింది. ఎక్కువ వస్తే కోత పూర్తి కాలేదు. జంట కోతకు బఫర్ ఎంచుకునేటప్పుడు కంపెనీ ఇచ్చే పట్టికలో రెండు ఎంజైములకూ మంచి శాతం ఉన్న బఫర్ చూడండి. దొరకకపోతే తక్కువ ఉప్పు కోరుకునే ఎంజైమ్‌తో ముందు కోసి, ఉప్పు పెంచి రెండోది వేయాలి.

బ్లాట్ ఎప్పుడు, ఎలా

ప్లాస్మిడ్ దగ్గర బ్యాండ్లు లెక్కపెట్టగలం. పత్తి జీనోమ్ సంగతి వేరు. దాని పొడవు దాదాపు 230 కోట్ల జతలు. హిండ్ త్రీతో కోస్తే లెక్క ప్రకారం ఐదున్నర లక్షల ముక్కలు వస్తాయి. జెల్ మీద బ్యాండ్లు ఉండవు, పైనుంచి కిందిదాకా ఒకటే స్మియర్. అందులోంచి ఒక్క జీన్ ఉన్న ముక్కను పట్టుకోవడానికే ఎడ్విన్ సదరన్ 1975లో ఈ పద్ధతిని ప్రచురించాడు. ముక్కలను జెల్ నుంచి పొర మీదకు దించి, ఆ జీన్‌కు జత కుదిరే గుర్తుపెట్టిన ప్రోబ్‌తో వెతకడం. ఆర్ఎన్ఏకు చేసేదానికి నార్తర్న్ అని, ప్రోటీన్‌కు చేసేదానికి వెస్టర్న్ అని పేరు పెట్టడం తర్వాతివాళ్ల చమత్కారం.

పరకాల, నర్సంపేట వైపు పత్తి చేనులో ఆకులు తెచ్చుకుంటే మంచి ప్రాక్టీస్. బీటీ జీన్ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం బ్లాట్ దండగ, ఆకు నలిపి ముంచే స్ట్రిప్ నిమిషాల్లో చెబుతుంది, లేకపోతే పీసీఆర్ (కావాల్సిన డీఎన్ఏ ముక్కను ట్యూబులోనే లెక్కలేనన్ని కాపీలు చేసే పద్ధతి) ఉంది. బ్లాట్ అవసరమయ్యేది ఆ జీన్ ఎన్ని చోట్ల చొరబడి కూర్చుందో తెలియాలంటే.

లేత ఆకులే తీసుకోండి. ముదురు పత్తి ఆకులో పాలీఫీనాల్స్, జిగురు ఎక్కువ. డీఎన్ఏ గోధుమ రంగు తిరిగి, ఎంజైమ్ దగ్గరికి రానివ్వదు. ఆకు నుంచి డీఎన్ఏ తీసే సీటాబ్ బఫర్‌లో పీవీపీ, బీటా-మెర్కాప్టోఈథనాల్ కలపడం అందుకే. డీఎన్ఏ తెల్లగా దారంలా వచ్చేదాకా శుద్ధి చేయండి. దీని మీద పెట్టిన రెండు రోజులు తర్వాత వారం రోజులు మిగులుస్తాయి.

లేన్‌కు 10 మైక్రోగ్రాముల డీఎన్ఏ, రాత్రంతా కోత. ఆ పదిలో ఒక కిలోబేస్ పొడవున్న, ఒకే కాపీ జీన్ బరువు నాలుగు పికోగ్రాములకు కాస్త ఎక్కువ. ఈ అంకె గుర్తుంటే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతటవే అర్థమవుతాయి. ఎంజైమ్‌ను చొప్పించిన డీఎన్ఏలో ఒక్కసారే కోసేదిగా ఎంచుకోండి, ప్రోబ్ ఆ కోతకు ఒక పక్కనే ఉండాలి. అప్పుడు ముక్క రెండో చివర మొక్క సొంత డీఎన్ఏలోని కోత దగ్గర తేలుతుంది. చొప్పించిన ప్రతి చోటుకూ వేరే పొడవు, అంటే బ్యాండ్లు లెక్కపెడితే చోట్లు లెక్కపెట్టినట్టే. మొక్కల డీఎన్ఏలో మిథైల్ గుర్తులు ఎక్కువ కాబట్టి వాటికి అడ్డుపడే పీఎస్‌టీ వన్ లాంటివి ఇక్కడ వద్దు, హిండ్ త్రీ మేలు. పక్క లేన్లలో బీటీ కాని పత్తి డీఎన్ఏ ఒకటి, అదే డీఎన్ఏలో ఒక కాపీకి సరిపడా ప్లాస్మిడ్ కలిపింది ఒకటి వేయాలి.

జెల్‌ను తక్కువ వోల్టేజీలో రాత్రంతా నడపండి. ఫొటో పక్కన స్కేలు పెట్టి తీయండి. తర్వాత 0.25 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పది నిమిషాలు ఉంచితే పెద్ద ముక్కలు విరిగి పొర మీదకు తేలిగ్గా దిగుతాయి. బ్రోమోఫీనాల్ బ్లూ పసుపు రంగుకు మారితే ఆపేయండి, ఎక్కువసేపు ఉంచితే ముక్కలు మరీ చిన్నవై బ్యాండ్లు మసకబారతాయి. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్, ఉప్పు ద్రావణంలో 15 నిమిషాల చొప్పున రెండుసార్లు, పోగులు విడిపోవడానికి. ఆ తర్వాత ట్రిస్ బఫర్‌లో తటస్థం చేయాలి.

ఇక పేర్చడం. ట్రేలో 20 రెట్ల ఎస్‌ఎస్‌సీ పోయండి. అది లీటరుకు 175.3 గ్రాముల ఉప్పు, 88.2 గ్రాముల సోడియం సిట్రేట్, పీహెచ్ 7. ట్రే మీద అద్దం పలక, దాని మీదుగా రెండు వైపులా బఫర్‌లో మునిగేలా వాట్‌మన్ పేపర్. దాని మీద జెల్ బోర్లా, జెల్ మీద నైలాన్ పొర, పొర మీద మూడు వాట్‌మన్ ముక్కలు, ఆపైన ఐదారు సెంటీమీటర్ల ఎత్తు టిష్యూ కట్ట, అన్నిటిపైన అరకిలో బరువు. దీపం వత్తి నూనె పీల్చినట్టు టిష్యూ బఫర్‌ను పైకి లాగుతుంది, దాంతోపాటు డీఎన్ఏ జెల్ నుంచి లేచి పొర దగ్గర ఆగిపోతుంది. ప్రతి పొర పేర్చాక గాజు కడ్డీ దొర్లించి బుడగలు తీసేయండి. బుడగ ఉన్న చోట డీఎన్ఏ ఎక్కదు. జెల్ చుట్టూ పారాఫిల్మ్ పట్టీలు పెట్టకపోతే టిష్యూ పక్కనుంచి వంగి కింది పేపర్‌ను తాకి, బఫర్ జెల్‌లోంచి కాకుండా దొడ్డిదారిన పైకి పోతుంది. ఎండాకాలం రాత్రుల్లో ట్రే ఎండిపోవడం మామూలే. బఫర్ కాస్త ఎక్కువ పోసి, ట్రేను ప్లాస్టిక్ ఫిల్మ్‌తో కప్పి వెళ్లండి. పొర ఒక మూల కత్తిరించి గుర్తు పెట్టడం మర్చిపోతే మర్నాడు ఏ లేన్ ఏదో తెలియదు.

ఉదయం పొరను తీసి యూవీ క్రాస్‌లింకర్‌లో పెట్టండి, అది లేకపోతే 80 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు. ప్రోబ్‌కు రేడియోధార్మిక ఫాస్ఫరస్ వాడాలంటే అనుమతులు, ప్రత్యేక గది కావాలి. మామూలు ల్యాబుకు రేడియోధార్మికత లేని డిగ్ లేబుల్ కిట్ నయం. పీసీఆర్‌తోనే ప్రోబ్ తయారైపోతుంది. ముందు సాల్మన్ చేప డీఎన్ఏ ఉన్న ద్రావణంలో పొరను నానబెట్టి ఖాళీ చోట్లన్నీ నింపండి, తర్వాత మరిగించి ఐసులో పెట్టిన ప్రోబ్ వేసి 65 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పండి. ద్రావణంలో ఫార్మమైడ్ సగం ఉంటే 42 డిగ్రీలు చాలు.

కడగడంలోనే నైపుణ్యం ఉంది. ఉప్పు తగ్గించి వేడి పెంచేకొద్దీ అరకొర జత కుదిరినవి ఊడిపోతాయి. మొదట రెండు రెట్ల ఎస్‌ఎస్‌సీతో గది వేడిలో, తర్వాత 0.5 రెట్లతో 65 డిగ్రీల దగ్గర, అప్పటికీ మరకలుంటే 0.1 రెట్లతో. ఒకేసారి 0.1కు దూకొద్దు. ఉతికేసిన ప్రోబ్‌ను వెనక్కి తేలేం. మధ్యలో పొర ఆరిపోయిందంటే ప్రోబ్ దానికి శాశ్వతంగా అంటుకుపోతుంది, ఇంకో ప్రోబ్‌తో వాడుకునే అవకాశం పోతుంది.

జీన్ ఎక్కడుందో వెతకడం

ఇప్పటిదాకా గీసింది కోతల మ్యాప్. రోగానికి కారణమైన జీన్ ఏ క్రోమోజోమ్ మీద ఉందో వెతకడానికి కూడా ఈ బ్లాట్లే దారి చూపాయి. ఇద్దరు మనుషుల డీఎన్ఏలో ఒక కోత చోటు ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోతే బ్లాట్‌లో ముక్కల పొడవు మారుతుంది. ఆ తేడా కుటుంబంలో రోగంతో కలిసే దిగుతోందా అని తరతరాలుగా చూస్తే జీన్ దగ్గరలోనే ఉందని తెలుస్తుంది. ఇలాంటి తేడాలతో మనిషి జీనోమ్ మొత్తానికి మ్యాప్ గీయొచ్చని 1980లో బాట్‌స్టీన్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. మూడేళ్లకే హంటింగ్టన్ వ్యాధి జీన్ నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని హిండ్ త్రీ బ్లాట్లతో తేలింది.

మనకు దగ్గరి ఉదాహరణ సికిల్ సెల్ అనే రక్తవ్యాధి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండు, కొలాం కుటుంబాల్లో ఇది ఉన్న సంగతి తెలిసిందే. బీటా గ్లోబిన్ జీన్‌లో ఆరో కోడాన్ (మూడక్షరాల గుంపు) జీ-ఏ-జీ నుంచి జీ-టీ-జీగా మారుతుంది. ఎంఎస్‌టీ టూ అనే ఎంజైమ్‌కు కావాల్సిన చోటు సరిగ్గా అక్కడే ఉంది, ఏ పోయి టీ వచ్చేసరికి ఆ చోటు చెరిగిపోతుంది. మామూలు జీన్ అయితే బ్లాట్‌లో 1.15 కిలోబేసుల బ్యాండ్, సికిల్ జీన్ అయితే కోత పడక 1.35. క్యారియర్‌కు (ఒక కాపీ మామూలుది, ఒకటి సికిల్‌ది ఉన్నవాళ్లకు) రెండూ కనిపిస్తాయి. ఇప్పుడు ఇదే పనిని పీసీఆర్ చేసిన ముక్కను డీడీఈ వన్‌తో కోసి, బ్లాట్ లేకుండా ఒక్కరోజులో చేస్తున్నారు. మనుషుల శాంపిళ్లకు ఎథిక్స్ కమిటీ అనుమతి, రాతపూర్వక సమ్మతి ఉండాలి. ఫలితాన్ని ఆ కుటుంబానికి చెప్పాల్సింది డాక్టర్, ప్రాజెక్టు విద్యార్థి కాదు.

ఈ పరీక్షలో అసలు ప్రమాదం ఒకటుంది. కోత సగమే జరిగితే ఆరోగ్యంగా ఉన్న మనిషి శాంపిల్‌లోనూ 1.15, 1.35 రెండూ వస్తాయి. అచ్చం క్యారియర్ లాగే ఉంటుంది, ఎంత అనుభవం ఉన్నా కంటితో తేడా చెప్పలేరు. అందుకే డైజెస్ట్ పెట్టగానే అందులోంచి కొద్దిగా వేరే ట్యూబులోకి తీసి, ఆ ఎంజైమ్‌కు చోట్లున్న ల్యాంబ్డా డీఎన్ఏ కాస్త కలిపి పక్కనే ఉంచండి. ల్యాంబ్డా ముక్కలు మీరు కాగితం మీద రాసుకున్న పొడవుల్లోనే వచ్చాయా చూడండి. మామూలు జీన్ అని ముందే తెలిసిన శాంపిల్ ఒకటి ప్రతి జెల్‌లోనూ ఉండాలి. ఆ శాంపిల్‌లో 1.35 బ్యాండ్ ఎంత పలచగా కనిపించినా సరే, ఆ జెల్‌లోని ఏ ఫలితాన్నీ రాయకండి. డీఎన్ఏను మళ్లీ శుద్ధి చేసి, మొదటినుంచి కొత్త డైజెస్ట్ పెట్టండి.